టూ హెచ్ పెన్సిలు

కొత్తపేటలో మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయదు.
కౌంటర్లో పిల్ల రాసుకుంది:
రేటూరి సలోమి, యాభై ఎనిమిది,
పై రెప్పలు గుంటలు.
అంతే.

డాక్టరు హిమజ నన్ను నిటారుగా కూర్చోబెట్టింది.
పడుకుంటే గుంట అబద్ధం చెబుతుందట.
తెల్ల పెన్సిలుతో కనుబొమ కింద ఒక వంపు గీసింది.
తేలిక చెయ్యి.
నేను పట్టుకున్నట్టే పట్టుకుంది పెన్సిలు,
మొనకి దూరంగా, కాస్త వెనగ్గా.
"ఎముకకీ కంటికీ మధ్య ఉండే కొవ్వు తగ్గిపోయిందమ్మా.
చెరో పక్క అర సీసీ కూడా పట్టదు.
మీ పాత ఫొటో ఉంటే తెండి,
దాన్ని చూసి నింపుతాను."

పాత ఫొటో.
అరండల్‌పేటలో ఖాసిం గారి స్టూడియోలో
పందొమ్మిదేళ్ళు రీటచింగు చేసినదాన్ని నేను.
నెగటివులో లోకం తిరగబడి ఉంటుంది.
నీడ ఉన్నచోట ఫిల్ము తేటగా, నీళ్ళలా.
అక్కడ మీడియం రాసి, ఆరనిచ్చి,
గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన టూ హెచ్ పెన్సిలుతో
చుక్కలు, కామాలు, ఈగ కాళ్ళు.
ఎంత నలుపు పెడితే అచ్చులో అంత తెలుపు.

యార్డు గుమాస్తాల కళ్ళు నింపాను.
తొడిమలు తీసే ఆడవాళ్ళవి,
కోరు ఎగిరి ఎగిరి లోపలికి పోయిన కళ్ళు, నింపాను.
ఒక ప్లీడరు గారి భార్యవి, ఆవిడ ఏడ్చి వచ్చిన రోజున.
ఎవరూ కనిపెట్టలేదు.
"ఫొటోలో బాగా పడ్డాను కదూ" అనుకుంటూ
మెట్లు దిగిపోయేవాళ్ళు.

బీరువాలో బైబిలు అడుగున ఒక్కటే ఉంది నాది,
ఇరవై ఆరో ఏటిది.
నిండు రెప్పలు, అప్పుడే వెన్న అద్దినట్టు.
సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని,
గడప దాటాక గుర్తొచ్చింది.

కామెర్లు తగ్గి లేచిన నెల అది.
"కళ్ళు బావుల్లా అయ్యాయేమ్మా" అని ఖాసిం గారే అని,
షోకేసులో బొమ్మ మార్చాలి, కూర్చో, అన్నారు.
ఆ రాత్రి నా నెగటివు నేనే దిద్దుకున్నాను.
మధ్యలో కరెంటు పోయింది. లాంతరు పెట్టుకున్నాను.
ఆ తర్వాత ఎనిమిదేళ్ళు
అద్దం వెనక నిలబడ్డాను వీధిలోకి చూస్తూ,
ఒక్కరోజు కూడా నాకు లేని నిండుతనంతో.

హిమజకి చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను.
ఫొటోని దీపం కిందికి జరిపి చాలాసేపు చూసి
"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టారు?" అంది.
"మధ్య నుంచి. ముక్కు వైపు కొంచెం వదిలెయ్యాలి,
లేకపోతే వాచినట్టుంటుంది."
"అవును. నేనూ అక్కడే ఆపుతాను."
ఇక మా ఇద్దరికీ మాట్లాడ్డానికేం మిగల్లేదు.

డబ్బంటారా,
ఖాసిం గారు పోతూ నాకు వదిలిన ఎన్‌లార్జరు.
లక్ష్మీపురంలో కాఫీ కొట్టువాళ్ళు అలంకారానికి కొన్నారు.
దాని మెడకి రంగు బల్బులు చుట్టారట.
చూడ్డానికి వెళ్ళలేదు.

నాలుగు రోజులు నేరేడు రంగులో కమిలి
ఆదివారానికి తేరుకున్నాయి రెప్పలు.
చర్చిలో పక్కన కూర్చున్న మార్తమ్మ
నా మొహంలోకి తేరిపార చూసి
"రాత్రి బాగా నిద్రపట్టినట్టుందే వదినా" అంది.

పట్టలేదు.
రాత్రంతా ట్యూబులైటుకి ఎదురుగా
ఆ పాత నెగటివు పట్టుకుని కూర్చున్నాను.
ముప్పై రెండేళ్ళైనా పెన్సిలు రాలలేదు.
ఎడమ రెప్ప మీద ఒక్క గీత మాత్రం గాడి తప్పింది,
కరెంటు పోయిన క్షణం కావచ్చు.
టర్పెంటైను అద్దిన దూదితో ఒక్కసారి తుడిస్తే
మొత్తం వచ్చేస్తుంది, కింద అసలుది ఉంటుంది.
సీసా తీశాను కూడా.
వాసన చూసి
మూత బిగించేశాను.